3.40 స్విఫ్టా, మాస్టారి వేగనారా?

తెనాలి నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి పెడుతున్నా.

"అన్నా, నేను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ని. ఇంట్లో అమ్మా నాన్నా, నేనూ మా ఆవిడా, నాలుగేళ్ళ పాప. నెలకి 500 కిలోమీటర్లు తిరుగుతానేమో, ఎక్కువగా గుంటూరు, విజయవాడ, ఎప్పుడన్నా తిరుపతి. చేతిలో మూడున్నర లక్షలున్నాయి, లోన్ జోలికి పోదల్చుకోలేదు. మూడు బండ్లు చూశా. విజయవాడలో ఒక కన్సల్టెన్సీలో 2015 స్విఫ్ట్ డీజిల్, రెండో ఓనరు, మీటరు 78 వేలు, 3.40 చెప్తున్నాడు, ఫుల్ కండిషన్ రూపాయి పన్లేదు అంటున్నాడు. రెండోది గుంటూరులో ఒక రిటైర్డ్ మాస్టారి వేగనార్ పెట్రోలు, 2016ది, 52 వేలు తిరిగింది, 3.10 అడుగుతున్నారు, బంపరు గీసుకుపోయి ఉంది, సీట్లు మాసిపోయాయి. మూడోది ఫ్రెండ్ ద్వారా ఢిల్లీ బండి, 2017 ఐ20 డీజిల్, 2.30కి వస్తుందంట. ఇంట్లో అందరికీ స్విఫ్టే నచ్చింది. నాకు బండ్ల గురించి బొత్తిగా తెలీదు. ఏది తీసుకోమంటావు, తీసుకున్నాక ఏం చూసుకోవాలి?"

తమ్ముడూ, ముందు డబ్బు సంగతి మాట్లాడుకుందాం, బండి సంగతి తర్వాత. చేతిలో మూడున్నర ఉంది కదాని మూడున్నర దాకా ఉన్న బండ్లు చూస్తున్నావు, చాలామంది ఇరుక్కునేది అక్కడే. పాత బండి కొన్న మొదటి రెండు మూడు నెలల్లో ఒక ఖర్చు పడుతుంది, దాని గురించి అమ్మేవాడు ఎలాగూ చెప్పడు, కొనేవాడు ఆ సంబరంలో అడగడు. ట్రాన్స్‌ఫరు ఖర్చులు, ఇన్సూరెన్సు, నాలుగు టైర్లు మార్చాల్సొస్తే వేగనార్ సైజుకైనా 14 నుంచి 16 వేలు, బ్యాటరీ ఒక 4-5 వేలు, ఆయిళ్ళూ ఫిల్టర్లూ అన్నీ మార్చే సర్వీసుకి 6-7 వేలు, ఏసీ తేడా కొడితే అదొకటి... అన్నీ ఒకేసారి మీద పడవు గానీ ఏవో రెండు మూడు మాత్రం తప్పవు. అందుకని ఒక 50 వేలు మీ ఆవిడ చేతికిచ్చి దాచమను, ఆ డబ్బు లేదనే అనుకో, 3 లక్షల్లో బండి చూడు. ఈ లెక్క వేసుకుంటేనే స్విఫ్ట్ సగం పోటీలోంచి పోయింది చూడు, 3.40 పెట్టి అది తెచ్చాక టైరు పంచరైనా అప్పు చెయ్యాలి.

ఢిల్లీ బండి సంగతి తొందరగా తేల్చేద్దాం. అది అంత చవగ్గా ఎందుకొస్తోంది అంటే, ఢిల్లీ చుట్టుపక్కల డీజిల్ బండికి 10 ఏళ్ళు, పెట్రోలు బండికి 15 ఏళ్ళు దాటితే రోడ్డెక్కకూడదని 2015లో ఎన్జీటీ, అంటే పర్యావరణ కేసులు చూసే ట్రిబ్యునల్, చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. 2025లో మళ్ళీ దాని మీద కోర్టులో మలుపులొచ్చాయి గానీ అక్కడి ఓనర్ల భయం మాత్రం పోలేదు, పదేళ్ళు దగ్గర పడే డీజిల్ బండ్లన్నీ లారీలెక్కి మనవైపు వస్తుంటాయి. బండి చెడ్డదని కాదు, నిజానికి కొన్ని మంచివే ఉంటాయి. కానీ అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదనే కాగితం, ఎన్ఓసీ రావాలి, అంటే ఫారం 28, ఇక్కడికొచ్చాక కొత్త నంబరు వేయించుకోవాలి, మన రాష్ట్రంలో లైఫ్ టాక్స్ మళ్ళీ కట్టాలి. ఆ టాక్స్ నువ్వు కొన్న 2.30 మీద లెక్కేస్తారని మాత్రం అనుకోకు, ఆర్టీఏ ఆఫీసులో ముందే కనుక్కో, వినగానే ఆ 2.30 అందం సగం దిగిపోతుంది. ఏడాది దాకా ఢిల్లీ నంబరుతోనే తిప్పుకోవచ్చులే అని చెప్పేవాళ్ళున్నారు, చట్టంలో 12 నెలల మాట ఉన్నది నిజమే గానీ, అది కొత్త నంబరు వేయించుకోడానికిచ్చిన గడువు, టాక్స్ ఎగ్గొట్టడానికి కాదు, చెకింగ్‌లో ఆపినప్పుడు ఆ వాదన నిలవదు. పైగా బండి ఎవరిది, ఎక్కడ గుద్దింది, ఎవడు సర్వీసు చేశాడు, వెయ్యి మైళ్ళ అవతల నుంచి నువ్వేం కనుక్కుంటావు? బండ్ల గురించి తెలీదన్నావు కదా, నీకైతే అది వద్దే వద్దు. మీ ఫ్రెండ్‌కి కోపమొస్తే కాఫీ తాగించు.

ఇక డీజిలా పెట్రోలా. మన దగ్గర పెట్రోలు 110కి అటూ ఇటూ, డీజిల్ 97-98 అనుకో. నెలకి 500 కిలోమీటర్లకి వేగనార్ 17 ఇచ్చినా పెట్రోలు ఖర్చు 3200 దాకా, స్విఫ్ట్ డీజిల్ 21 ఇస్తే 2300 దాకా. అంటే నెలకి ఓ 900 మిగులు, ఏడాదికి 11 వేలు లోపు. పదేళ్ళ డీజిల్ బండిలో ఇంజెక్టర్లో టర్బోనో ఒక్కసారి మొరాయిస్తే రెండు మూడేళ్ళ మిగులు ఒక్క బిల్లులో పోతుంది. ఆ స్విఫ్ట్‌లో ఉండే 1.3 ఇంజన్ మంచిది కాదని నేననడంలేదు, రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాడికి అది బంగారం, అందుకే అదే ఇంజనున్న డిజైర్లు మనవైపు అన్ని టాక్సీలుగా తిరిగాయి. నీ వాడకానికి అది అక్కర్లేదు, అంతే. మారుతి వాళ్ళు 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త కాలుష్య నిబంధన వచ్చినప్పుడు డీజిల్ కార్లే ఆపేశారు, పార్టులు ఇప్పటికైతే దొరుకుతున్నాయి. రేపు ఎవడన్నా 2020 తర్వాతి బీఎస్6 డీజిల్ ఏదన్నా చూపిస్తే దానికి డీపీఎఫ్ అని, పొగలో మసి పట్టే ఫిల్టరు, ఇంకో తలనొప్పి ఉంటుంది, ఊళ్ళో చిన్న చిన్న దూరాలు తిప్పేవాళ్ళకి అది మూసుకుపోతూ ఉంటుంది.

అయినా ఇంట్లో వాళ్ళకి స్విఫ్ట్ నచ్చింది కాబట్టి దాని గురించి నాకెందుకు అనుమానమో చెప్తా, వాళ్ళకి చదివి వినిపించు. 2015లో డీజిల్ కారుకి పెట్రోలు కారు కన్నా లక్ష పైన ఎక్కువ పెట్టి కొన్నవాడు ఏడాదికి 8 వేలు తిప్పడానికి కొనడు. పదేళ్ళకి 78 వేలంటే అదే లెక్క వస్తుంది. అసాధ్యం అనను, ఒక్కోసారి ఓనరు విదేశాలకి పోయి బండి ఇంట్లోనే పడుండొచ్చు, కానీ రుజువు కావాలి. మీటరు తిప్పడం ఇప్పుడు ల్యాప్‌టాప్ పెట్టి చేసే పని, చూస్తే కనపడదు. బండి నంబరు పట్టుకుని, వీలైతే ఓనర్ని వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసు చేశారో వాళ్ళ సిస్టంలో ఉంటుంది. 2019లో 95 వేలని ఉండి ఇప్పుడు 78 వేలంటే ఇంక మాట్లాడేదేముంది. అసలు 2018 తర్వాత రికార్డే లేదంటే కూడా ఆలోచించాలి, బయట చేయించారు సార్ అంటాడు, అయితే ఆ బిల్లులేవి అని అడుగు. క్లచ్, బ్రేకు పెడళ్ళ మీద రబ్బరు చూడు, స్టీరింగు పైభాగం నున్నగా అరిగిందా చూడు, డ్రైవరు సీటు డోరు వైపు అంచు నలిగిందా చూడు. 78 వేల బండికి ఇవి అంతగా అరగవు. కొత్త సీటు కవరు, కొత్త స్టీరింగు కవరు, కొత్త పెడల్ రబ్బర్లు మూడూ కలిసి కనపడితే నాకైతే ఇంకా అనుమానం.

ఇంకోటి, ఇది మాత్రం నిదానంగా చదువు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది, అదే రోజుల్లో మున్నేరు పొంగి ఖమ్మం కూడా మునిగింది. ఎన్ని కార్లు పైకప్పు దాకా నీళ్ళలో ఉన్నాయో ఫోటోల్లో అందరం చూశాం. ఆ కార్లన్నీ తుక్కుకి పోయాయనుకుంటున్నావా? వరద వచ్చిన ప్రతిచోటా జరిగేదే ఇది, ఇన్సూరెన్సు వాళ్ళు టోటల్ లాస్ కట్టిన బండ్లు వేలంలో పోతాయి, కొన్నవాళ్ళలో కొందరు ముక్కలుగా అమ్ముకుంటారు, కొందరు కడిగి ఆరబెట్టి మళ్ళీ రోడ్డెక్కిస్తారు. మునిగిన బండి నెల రోజులు బానే తిరుగుతుంది, ఆ తర్వాత ఇవాళ పవర్ విండో, రేపు సెన్సరు, ఎల్లుండి స్టార్ట్ కాదు, వైరింగు లోపల లోపలే పచ్చగా చిలుం పట్టి ఉంటుంది, దాన్ని ఎవడూ పూర్తిగా బాగుచెయ్యలేడు. అందుకని విజయవాడ, ఖమ్మం వైపు బండి ఏది చూసినా, స్విఫ్టే అని కాదు, సీటు బెల్టు చివరిదాకా లాగు. బయట ఉండే భాగం కడుగుతారు, లోపల చుట్టుకుని ఉండే చివరి మూరెడు కడగరు, అక్కడ బురద మరక ఉంటుంది. సీటు ముందుకి జరిపి కింద పట్టాల మీదా బోల్టుల మీదా తుప్పు చూడు, ఫోను లైటు వేసి డాష్‌బోర్డు కింద ఇనప బ్రాకెట్లు చూడు, డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు పెట్టి రుద్ది చూడు, సన్నటి ఒండ్రు వస్తే తెలిసిపోతుంది. కార్పెట్టు మూల లేపి వాసన చూడు. బండి ఎక్కగానే సెంటు వాసన గుప్పుమంటే అద్దాలు దించమని, వాసన అంతా పోయాక మళ్ళీ ఎక్కు.

ఇన్సూరెన్సు కాగితం కూడా చాలా కబుర్లు చెప్తుంది, దాన్ని ఎవరూ చదవరు. పాలసీలో నో క్లెయిమ్ బోనస్ అని ఒక శాతం ఉంటుంది, క్లెయిము లేకుండా గడిచిన ఏళ్ళని బట్టి 20, 25, 35, 45, 50 ఇలా పెరుగుతుంది. మాస్టారి వేగనార్‌కి 50 ఉందనుకో, కనీసం ఐదేళ్ళుగా ఆయన ఒక్క క్లెయిమూ చెయ్యలేదని అర్థం, అంటే పెద్ద యాక్సిడెంటో వరదో జరిగుండే అవకాశం తక్కువ. సున్నా ఉంటే ఎందుకు సున్నా అని అడుగు, పాలసీ మధ్యలో వదిలేశారా, క్లెయిము చేశారా. అది తప్పేం కాదు, చిన్న గీతకి క్లెయిము చేసి కూడా ఉండొచ్చు, జవాబు సూటిగా వస్తుందా లేదా చూడు. ఈ బోనస్ ఓనరుది, బండిది కాదు, కాబట్టి బండి నీ పేరు మీదకి వచ్చాక నీకు రాదు, ఆ తేడా నువ్వు కట్టాలి. మా పాలసీ ఇంకా ఎనిమిది నెలలుంది, మీకు ఖర్చే లేదు అని అమ్మేవాడు అంటే ఈ ముక్క గుర్తుంచుకో.

నేనైతే వేగనార్ వైపే. అది గొప్ప బండి అని కాదు, దానికొక చరిత్ర ఉంది కాబట్టి, ఒకే మనిషి, ఒకే ఊరు, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి అడగొచ్చు. ఆ బంపరు గీతలు చూసి మీవాళ్ళు మొహం తిప్పుకున్నారు గానీ నాకు అవే నచ్చాయి, అమ్మడానికి ముందు ఆయన రంగులేయించలేదు. కన్సల్టెన్సీలో ప్రతి బండీ పాలిష్ కొట్టి, ఇంజన్ బే కూడా షాంపూ పెట్టి కడిగి, టైర్లకి నలుపు పూసి పెడతారు, పైన పటారం లోన లొటారం. ఆయిలు కారే చోటు కడిగేస్తే మనకెలా తెలుస్తుంది మరి, మురిగ్గా ఉన్న ఇంజనే నిజం చెప్తుంది. అలాగని కన్సల్టెన్సీ వాళ్ళందరూ మోసగాళ్ళని అనను, పదేళ్ళు ఒకే చోట షాపు పెట్టుకుని ఊళ్ళో పేరు కాపాడుకునేవాళ్ళూ ఉన్నారు.

వేగనార్ చూడ్డానికి పొద్దున్నే వెళ్ళు, వస్తున్నానని చెప్పు గానీ, నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు సార్ అని కూడా చెప్పు. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టు, చల్లగా ఉండాలి. చల్లటి ఇంజన్ మొదటి సెల్ఫ్‌కే ఎలా అందుకుందో, ఎలా మోగిందో అదే దాని అసలు గొంతు. సైలెన్సర్ దగ్గర ఎవరినన్నా నిలబెట్టు, నీలం పొగొస్తే ఆయిలు మండుతోంది, ఇంజన్‌కి పెద్ద రిపేరు పడ్డట్టే. తెల్లపొగ చలికాలం పొద్దున కాసేపు వచ్చి పోతే పర్లేదు, ఆగకుండా వస్తుంటే కూలెంటు లోపలికి పోతోందేమో అని చూడాలి. ఆయిలు పోసే మూత విప్పి లోపలివైపు చూడు, పాల మీగడలా తెల్లటి జిడ్డుంటే ఆ బండి దగ్గర ఇంక టైము వేస్టు చేసుకోకు. బానెట్ లేపినప్పుడు ఫెండర్లు బిగించే బోల్టుల తలలు చూడు, వాటి మీద రంగు చిట్లి పానా పడ్డ గుర్తులుంటే ఆ భాగం ఎప్పుడో విప్పారు. అద్దాలన్నిటి మీదా కంపెనీ గుర్తూ తయారీ కోడూ ఉంటాయి, ఒక్క అద్దం మాత్రమే వేరే ఏడాదిదైతే అది ఎందుకు మారిందో అడగొచ్చు. ఇక టైర్లు. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. 52 వేలు తిరిగిన బండికి మొదటి టైర్లే ఉంటే ఆ తేదీ 2015 చివరో 2016లోనో ఉండాలి, అలా ఉంటే మీటరు నిజమనడానికి ఒక సాక్ష్యం దొరికింది, కానీ టైర్లు మాత్రం మార్చాల్సిందే, టైరు మీద గాళ్ళు ఎంత లోతుగా ఉన్నా సరే. పదేళ్ళ టైర్లతో రోహిణి కార్తెలో సిమెంటు రోడ్డు మీద తిరుపతి పోవడం అంటే ఇంటిల్లిపాదినీ ప్రమాదంలో పెట్టడమే. ఆ 15 వేలు బేరంలో తగ్గించమని అడుగు, మాస్టారు కాబట్టి లెక్క చూపిస్తే ఒప్పుకుంటారు.

తోలి చూడకుండా మాత్రం కొనకు, వీధి చివరిదాకా కాదు, అరగంట. ఏసీ ఫుల్లు పెట్టు, ట్రాఫిక్‌లో నిలబెట్టినప్పుడు కూడా చల్లదనం నిలుస్తుందా చూడు, మన ఎండలకి అది ముఖ్యం, టెంపరేచరు ఎక్కుతుందేమో కూడా గమనించు. గుంతల్లోనూ స్పీడ్ బ్రేకర్ల మీదా అద్దం దించి, పాటలు కట్టేసి విను, టకటకమంటే సస్పెన్షన్ బుష్‌లో లింకులో, అది పెద్ద ఖర్చు కాదు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగు మీద పట్టు కాస్త వదిలితే ఒక పక్కకి లాగుతోందా, బ్రేకు కొట్టినప్పుడు లాగుతోందా. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తోంది గానీ బండి కదలట్లేదంటే క్లచ్ ప్లేటు అయిపోయింది.

ఇవన్నీ నువ్వు చూసినా సరే చివరికి ఒక మెకానిక్కి చూపించు. విజయవాడ ఆటోనగర్‌లోనో గుంటూరులోనో మారుతి పనే చేసే మనిషిని పట్టుకో, వెయ్యో పదిహేను వందలో ఇస్తానని ముందే మాట్లాడుకో. అమ్మేవాడు చూపించిన మెకానిక్ మాత్రం వద్దు, నీకు బండి కుదిర్చిన మధ్యవర్తి తెచ్చిన మెకానిక్ కూడా వద్దు, కమీషను మీద బతికేవాడు అడ్డం చెప్పడు కదా. ర్యాంపు ఎక్కించి కింద చూడమను, స్కానర్ పెట్టించు, ఎర్రర్ కోడ్లు ఏమన్నా ఉంటే కనపడతాయి. మీ బాపట్ల, రేపల్లె వైపు సముద్రం దగ్గర తిరిగిన బండ్లకి కింద తుప్పు ఎక్కువుంటుంది, అది కూడా అప్పుడే తెలుస్తుంది.

ఒక విషయంలో మాత్రం వేగనార్ మీద నాకు బెంగ ఉంది. 2019కి ముందు బండ్లలో ఎయిర్‌బ్యాగూ, గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు పట్టెయ్యకుండా చూసే ఏబీఎస్సూ తప్పనిసరి కాదు, ఆ రోజుల్లో వేగనార్‌కి ఇవి ఆప్షన్‌గా ఇచ్చేవాళ్ళు, డబ్బు ఎక్కువని చాలామంది తీసుకోలేదు. మాస్టారిది ఏ వేరియంటో కనుక్కో. స్టీరింగు మధ్యలో ఎస్ఆర్ఎస్ అని రాసుందా చూడు, అది ఎయిర్‌బ్యాగ్ గుర్తు. ఉంటే ఇంకో 10-15 వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. లేకపోతే మానెయ్యమనను గానీ హైవే మీద 80 దాటకు, ఎత్తుగా తేలిగ్గా ఉండే బండి అది, పక్క నుంచి బస్సు పోతేనే ఊగుతుంది. వెనక కూర్చునే అమ్మానాన్నలకి కూడా బెల్టు పెట్టించు, పాపని ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మాత్రం ఇప్పట్నుంచే మానేయండి.

కాగితాల సంగతి. ప్రభుత్వం వాళ్ళ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టు, ఎన్నో ఓనరు, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా, ఆర్సీ ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఉందా, బ్లాక్‌లిస్టులో ఉందా అన్నీ వస్తాయి. ఇవి 2019కి ముందు బండ్లు కాబట్టి నంబర్లోనే జిల్లా కూడా తెలుస్తుంది, ఏపీ 07 గుంటూరు, ఏపీ 16 కృష్ణా, అందరికీ ఏపీ 39 వచ్చాక ఆ సులువు పోయింది. మాస్టారు ఎప్పుడో లోన్ కట్టేసి ఉంటారు గానీ ఆర్సీలో హెచ్‌పీ, అంటే బండి మీద లోన్ ఉందనే మాట, అలాగే మిగిలిపోవడం మామూలే, బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 పెట్టి అది ఆయన చేతే కొట్టేయించాకే పూర్తి డబ్బివ్వు. చలాన్లు చూడు, తెలంగాణలో తిరిగిన బండైతే అక్కడి సైటులో కూడా చూడు, అక్కడ 2022లో ఒకసారి, 2023 చివర్లో ఒకసారి పెండింగు చలాన్లకి డిస్కౌంటు ఇచ్చారు, అప్పట్నుంచి మళ్ళీ ఇస్తారేమో అని కట్టకుండా ఎదురుచూసే ఓనర్లు తయారయ్యారు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వు, ఎలాగూ 2 లక్షలూ ఆపైన క్యాష్‌గా తీసుకోవడం ఇన్‌కం టాక్స్ చట్టం ఒప్పుకోదు.

ట్రాన్స్‌ఫరు మాత్రం తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. కన్సల్టెన్సీల్లో పేరు మార్చే ఫారం 29, 30 మీద ఓనరు సంతకాలు పెట్టించి ఖాళీగా ఉంచుతారు, బండి నలుగురి చేతులు మారినా ఆర్సీలో పేరు మాత్రం మొదటివాడిదే. చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకి చెప్పాలి. యాక్సిడెంటు జరిగితే ఆర్సీలో పేరున్నవాడే ఓనరని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది, కాబట్టి ఇందులో తొందర నీకెంత ఉండాలో మాస్టారికీ అంతే ఉండాలి, ఇద్దరూ కలిసే వెళ్ళండి. బండి చేతికి తీసుకున్న రోజు తేదీ, టైముతో సహా డెలివరీ కాగితం రాసుకోండి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో నీ పేరు మీదకి మార్పించమని అప్లై చెయ్యి, ఇది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ, ఆర్సీ మారింది కదా అని ఊరుకుంటారు, తర్వాత బండి గుద్దినప్పుడు నీ రిపేరు డబ్బులివ్వడానికి కంపెనీ పేచీ పెడుతుంది.

బేరం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, అంతకు ముందు 28, దాని మీద సెస్సు. అప్పుడు కొత్త ఆల్టో కే10 బేసు మోడల్ ఎక్స్‌షోరూమే 3.70 లక్షలకి వచ్చింది. మరి కొత్తది అంతకే వస్తుంటే పదేళ్ళ స్విఫ్ట్‌కి 3.40 ఎవడిస్తాడు? కన్సల్టెన్సీ వాడు పాత రేటుకి కొని ఇరుక్కున్నాడేమో, అది నీ సమస్య కాదు. మాస్టారితో కూడా ఈ మాట మర్యాదగా చెప్పు, టైర్లు, సర్వీసు లెక్క చెప్పు, 2.75 దగ్గర మొదలుపెట్టు, 2.90 లోపు తేలితే తీసేసుకో. ఇంకో లెక్క కూడా ఉంది, 2016 బండి ఆర్సీ 15 ఏళ్ళకి, అంటే 2031లో అయిపోతుంది, అప్పుడు ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్ళకి రెన్యువల్ చేయించాలి, కారుకి ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5 వేలైంది, గ్రీన్ టాక్సూ ఉంటుంది. కాబట్టి దీన్ని ఐదారేళ్ళు వాడుకునే బండి అనుకుని కొను. మీ నాన్నగారు ఆషాఢమో శూన్యమాసమో అడ్డం చెప్తే వాదించకు, ఆ నెలల్లో కొనేవాళ్ళు తక్కువ కాబట్టి రేటు బాగా తెగుతుంది, బేరం అప్పుడే ఆడేసి కొంచెం అడ్వాన్సిచ్చి, బండి మాత్రం మంచిరోజు చూసుకుని తెచ్చుకో.

తెచ్చాక. మాస్టారు మొన్ననే సర్వీసు చేయించాను అన్నా సరే ఇంజన్ ఆయిలు, ఆయిలు ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, కూలెంటు, బ్రేకు ఆయిలు మార్పించి ఆ తేదీ, మీటరు ఒక నోటుబుక్కులో రాసుకో, అక్కడ్నుంచి నీ లెక్క మొదలు. నువ్వు ఏడాదికి 6 వేలే తిరుగుతావు కాబట్టి 10 వేలు అయ్యేదాకా ఆగుతా అంటే కుదరదు, ఆయిలు ఏడాదికోసారి మార్చాల్సిందే. కూలెంటు తగ్గితే కుళాయి నీళ్ళు పొయ్యకు, మన గుంటూరు ప్రకాశం నీళ్ళు ఎలా ఉంటాయో బకెట్లకి పట్టే తెల్లటి పొర చూస్తే తెలుసు కదా, అదే రేడియేటర్లో పడుతుంది. టైర్లలో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూపించు, డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్నంతే, ఎండాకాలం కదా అని తగ్గించొద్దు, తగ్గిస్తేనే వేడెక్కేది. ఈ ఇంజన్‌కి టైమింగ్ చైనే కాబట్టి బెల్టు మార్చే గొడవ లేదు. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లు దాన్ని తట్టుకునేలా వస్తున్నాయి, నీది పాతది, మైలేజీ కాస్త తగ్గుతుంది, సర్వీసప్పుడు పెట్రోలు పైపులూ రబ్బర్లూ ఒకసారి చూడమని చెప్పు, అంతకు మించి కంగారు పడక్కర్లేదు. ఊరెళ్ళినా సరే వారానికి ఒకసారి ఎవరితోనైనా ఒక పావుగంట తోలించు, లేకపోతే బ్యాటరీ పోతుంది, అంతకన్నా ముందు ఎలుకలు చేరతాయి. తెనాలిలో పక్కన పొలాలో ధాన్యం గోదామో ఉంటే ఇది మామూలు సమస్య, వైరింగు కొరికాయంటే ఒక్క రాత్రిలో పది వేలు గోవిందా. చెత్తకుండీ పక్కన పార్కు చెయ్యకపోవడం, కారులో పాప బిస్కెట్ ముక్కలు మిగల్చకపోవడం, రోజూ బానెట్ ఒకసారి లేపి చూడ్డం, వీటి ముందు కలరా ఉండలూ పొగాకూ అంత పనిచెయ్యవు.

ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ ఒక్కటే చాలు అని ఎవరో చెప్తారు, వినకు. వరదలో బండి మునిగితే థర్డ్ పార్టీలో రూపాయి రాదు, పూర్తి పాలసీ తీసుకో. అయినా సరే నీళ్ళలో ఆగిపోయిన బండిని మళ్ళీ సెల్ఫ్ కొట్టొద్దు, ఇంజన్ లోపలికి నీళ్ళు పోయి కనెక్టింగ్ రాడ్ వంగితే అది వరద నష్టం కాదు, మీరు స్టార్ట్ చెయ్యడం వల్ల వచ్చిందని మామూలు పాలసీలో ఇవ్వరు. తోసుకుని పక్కకి పెట్టి ఫోన్ చెయ్యి.

ఆదివారం పొద్దున గుంటూరు వెళ్ళి చూడు. ఇన్సూరెన్సు కాగితం, ఆర్సీ, నాలుగు టైర్ల మీద తేదీలు ఫోటోలు తీసుకో, మెకానిక్ ఏమేం చెయ్యాలన్నాడో ఒక కాగితం మీద రాయించుకుని ఇంకోసారి రాయి. రేటు ఎక్కడ ఆపాలో అవి చూశాక చెప్తా.